ఫ్రేము అంచున ఉన్న నవ్వు: సింప్సన్స్ నాలుగో సీజన్‌ను డిస్క్ పెట్టి మళ్ళీ చూడటం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఒక్క సీజన్ గురించే మాట్లాడుకుందాం. 'ది సింప్సన్స్' అనే అమెరికా బొమ్మల హాస్య సీరియల్, దాని నాలుగో సీజన్. సింప్సన్ అనే కుటుంబం కథ ఇది: తండ్రి హోమర్, తల్లి మార్జ్, పిల్లలు బార్ట్, లీసా, చంటిది మ్యాగీ. అమెరికాలో ఫాక్స్ చానల్లో 1992 సెప్టెంబరు 24న మొదలైంది, 1993 మే 13న ముగిసింది. మొత్తం 22 ఎపిసోడ్లు. 2004 జూన్‌లో నాలుగు డీవీడీల పెట్టెగా వచ్చింది. మీలో చాలామంది ఇందులో కొన్నయినా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అయినా మళ్ళీ చూడమంటున్నాను, అదీ డిస్క్ పెట్టి చూడమంటున్నాను. ఎందుకో ఒక్క షాటుతో మొదలుపెడతాను.

'డఫ్‌లెస్' అని ఒక ఎపిసోడ్, 1993 ఫిబ్రవరి 18న వచ్చింది. హోమర్, అతని స్నేహితుడు బార్నీ కలిసి డఫ్ బీరు ఫ్యాక్టరీ చూడటానికి వెళ్తారు. అక్కడ వరసగా మూడు పెద్ద ట్యాంకులు. ఒకదాని మీద డఫ్, ఇంకోదాని మీద డఫ్ లైట్, మూడోదాని మీద డఫ్ డ్రై అని రాసి ఉంటుంది. పైన చూస్తే మూడింట్లోకీ బీరు పోస్తున్నది ఒకటే గొట్టం. మూడు పేర్లు, మూడు రకాల ప్రకటనలు, లోపల ఉన్నది ఒకటే సరుకు. దాని గురించి పాత్రలెవరూ నోరు విప్పరు. బొమ్మలో ఉంది, చూసినవాడికి చూసినంత.

ఈ సీరియల్ గీసింది పాత టీవీల 4:3 తెర కోసం, అంటే వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. తర్వాత వెడల్పు టీవీలు వచ్చాక, తెర నిండా కనపడాలని బొమ్మను 16:9కి కత్తిరించి చూపించడం మొదలైంది. వెడల్పు అలాగే ఉంచి నిష్పత్తి మార్చాలంటే ఎత్తులో నాలుగో వంతు పోవాలి. లెక్క అంతే, వేరే దారి లేదు. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు ఈ పాత సీజన్లను అలా కత్తిరించే పెట్టారు. బీరు ఫ్యాక్టరీ షాటులో ట్యాంకులు మిగిలాయి, గొట్టం పోయింది. జోకు కూడా దాంతోపాటే పోయింది. అభిమానులు ఆ షాటునే రుజువుగా చూపించి గొడవ చేశారు. 2020 మే నెలాఖరుకి పాత నిష్పత్తిలో చూసే వీలు కల్పించారు.

మరి ఇప్పుడు అక్కడ కూడా పూర్తి ఫ్రేము దొరుకుతోంది కదా, డిస్క్ దేనికి అంటారేమో. మూడు కారణాలు. ఒకటి, ప్రతి ఎపిసోడ్‌కీ రచయితలు, దర్శకులు కూర్చుని మాట్లాడిన కామెంటరీ ట్రాక్ ఉంది. రెండు, ఒక్కో ఫ్రేమూ ఆపి, ముందుకు జరిపి చూసుకోవచ్చు. ఈ సీజన్‌కి అది చాలా అవసరం. మూడు, కొన్న డిస్కును ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ 'స్టార్క్ రేవింగ్ డాడ్'ను నిర్మాతలు 2019లో ప్రసారాల నుంచి తప్పించారు, స్ట్రీమింగ్‌లో అది లేదు. ఆ సీజన్ డీవీడీ ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం ఇప్పటికీ ఉంది. తప్పించడం సబబా కాదా అన్నది వేరే చర్చ. ఏ భాగం ఎప్పుడు కనపడకుండా పోతుందో మన చేతిలో లేదన్నదే ఇక్కడి విషయం.

అయితే డిస్క్ తెచ్చినంత మాత్రాన పని అయిపోదు. డిస్క్ కత్తిరించకుండా ఇచ్చిన బొమ్మను మన ఇంట్లో టీవీ మళ్ళీ పాడు చేస్తుంది. ముందు ఆ సంగతి చూద్దాం.

ప్లేయర్ సెట్టింగుల్లో టీవీ రకం అని ఉంటుంది, దాన్ని 16:9 అని పెట్టండి. 4:3 బొమ్మను అలాగే చూపించి పక్కల నల్ల పట్టీలు వేయాలి అనే ఎంపిక ఉంటే అది పెట్టండి. తర్వాత టీవీ రిమోట్ తీసుకుని పిక్చర్ సైజులో 4:3 ఎంచుకోండి. ఫుల్, జూమ్, వైడ్ ఇవేవీ వద్దు. ఫుల్‌లో హోమర్ తల గుమ్మడికాయలా సాగుతుంది, జూమ్‌లో పైన చెప్పిన గొట్టమే పోతుంది. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక: ఆరంభ సంగీతంలో ఎక్కడైనా గుండ్రటి వస్తువు దగ్గర ఆపి, స్కేలు పెట్టి అడ్డంగా, నిలువుగా కొలవండి. రెండూ సమానంగా రావాలి.

ఆ తర్వాత టీవీ పిక్చర్ మెనూలో మూడు ఆపేయాలి. మోషన్ స్మూతింగ్ ఆపండి. ఇక్కడ బొమ్మలు ఎక్కువగా సెకనుకు పన్నెండే, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు నిలుస్తుంది. టీవీ మధ్యలో లేని బొమ్మలు తయారుచేసి చొప్పిస్తే గీతలు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. నాయిస్ రిడక్షన్ ఆపండి. అది సన్నటి నల్ల గీతలను మచ్చలనుకుని తుడిచేస్తుంది, మార్జ్ కనురెప్పల మీద వెంట్రుకలు ఉన్నట్టుండి మాయమవుతుంటే కారణం ఇదే. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే ప్రతి గీతకీ పక్కన తెల్లటి నీడ వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా బొమ్మ కొంచెం మెత్తగానే ఉంటుంది. దానికి ప్లేయర్‌ని తిట్టకండి. అప్పట్లో సెల్లు అనే పారదర్శక పలకల మీద చేత్తో రంగులు వేసి ఫిల్ము మీద తీసేవాళ్ళు, కూర్పు మాత్రం వీడియో మీద జరిగేది. డిస్క్ మీద ఉన్నది 480 గీతల బొమ్మ. అంతకు మించి అందులో లేదు.

కంప్యూటర్‌లో చూసేవాళ్ళకి ఇంకో చిక్కు. కదిలేటప్పుడు బొమ్మ అంచులు దువ్వెన పళ్ళలా విడిపోయి కనిపిస్తాయి. ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు, అమెరికా వీడియోలో దాదాపు 30. నాలుగు ఫిల్ము ఫ్రేములను అయిదు వీడియో ఫ్రేములుగా పరుస్తారు. ఆ అయిదింట్లో రెండు ఫ్రేముల్లో, వేర్వేరు బొమ్మల సగాలు కలిసిపోతాయి. మామూలు సినిమా డిస్కులో ఈ వరస చివరిదాకా ఒకేలా సాగుతుంది కాబట్టి ప్లేయర్ కనిపెట్టి సరిచేస్తుంది. వీడియో మీద కోసి అతికించిన సీరియల్లో కట్ దగ్గర వరస మారిపోతుంది, ప్లేయర్ తడబడుతుంది. వీఎల్‌సీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వాడితే వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, రకం దగ్గర ఫిల్ము ఎన్‌టీఎస్‌సీ పెట్టి చూడండి. కట్ల దగ్గర ఇంకా పళ్ళు కనిపిస్తే అదే జాబితాలోని యాడిఫ్‌కి మారండి. అదే వీఎల్‌సీలో ఆంగ్ల 'ఈ' మీట నొక్కితే ఒక్కో ఫ్రేమూ ముందుకు జరుగుతుంది, 'బీ' మీట నొక్కితే ఆడియో ట్రాకు మారి కామెంటరీ వస్తుంది. ఈ రెండూ గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఇక రీజియన్ సంగతి, అంటే ఏ డీవీడీ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె. అమెరికా పెట్టె రీజియన్ 1. మన దేశం రీజియన్ 5. బ్రిటన్ 2, ఆస్ట్రేలియా 4. అమెరికాలో ఉండే అబ్బాయో అమ్మాయో పంపిన పెట్టెను ఇక్కడి ప్లేయర్‌లో పెడితే రీజియన్ తప్పు అని చూపించడానికి కారణం ఇదే. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ అయితే ఇబ్బంది లేదు. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు కానీ అయిదుసార్లే. అయిదోసారి ఏది పెట్టారో అది అలాగే బిగుసుకుపోతుంది, కంప్యూటర్ ఫార్మాట్ చేసినా మారదు. ఎందుకంటే ఆ లెక్క డ్రైవులోనే నమోదవుతుంది.

ఇక అసలు సీజన్‌లోకి వద్దాం.

ఈ సీజన్‌ను నడిపినవాళ్ళు ఆల్ జీన్, మైక్ రీస్. మొదటి మూడు సీజన్లూ క్లాస్కీ చూపో స్టూడియో గీసింది. నాలుగో సీజన్ నుంచి ఫిల్మ్ రోమన్‌కి మారింది. అయితే 'క్యాంప్ క్రస్టీ', 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ మార్జ్' అనే మొదటి రెండు ఎపిసోడ్లు మూడో సీజన్‌లో తయారై మిగిలినవి, పాత స్టూడియోవే. మూడోది 'హోమర్ ది హెరెటిక్', కొత్త స్టూడియో మొదటి పని. కాబట్టి ఈ మూడూ వరసగా చూస్తే ఒక బృందం నుంచి ఇంకో బృందానికి పని చేతులు మారడం కళ్ళముందే కనిపిస్తుంది. ముఖాల గీత, నేపథ్యాల రంగు గమనించండి. దర్శకుల్లో చాలామంది పాతవాళ్ళే అటు వెళ్ళారు కాబట్టి తేడా సన్నగా ఉంటుంది, కానీ ఉంటుంది.

'క్యాంప్ క్రస్టీ' గురించి కామెంటరీలో వినదగ్గ మాట ఒకటుంది. ఆ కథ చదివి నిర్మాత జేమ్స్ ఎల్. బ్రూక్స్ దీన్ని సినిమాగా తీద్దామన్నారట. తీరా బొమ్మలు వచ్చాక చూస్తే ఒక ఎపిసోడ్‌కి కూడా నిడివి చాలలేదు, పాటను పొడిగించి నింపాల్సి వచ్చింది. సింప్సన్స్ సినిమా చివరికి 2007లో వచ్చింది. ఈ నిడివి చాలకపోవడమనే సమస్యను గట్టిగా పట్టుకోండి. ఈ సీజన్‌లో ఎన్నో మంచి జోకులు దాన్నుంచే పుట్టాయి. 'ది ఫ్రంట్' అనే ఎపిసోడ్ పొట్టిగా వచ్చింది. దాంతో చివర్లో హోమర్ పక్కింటి నెడ్ ఫ్లాండర్స్ మీద ఒక చిట్టి కథ అతికించారు, దానికి విడిగా పేరు, పాట కూడా. కథకి అస్సలు సంబంధం లేదు. హడావిడిలో పుట్టింది కాబట్టే అంత స్వేచ్ఛగా ఉంది.

'స్ట్రీట్‌కార్' ఎపిసోడ్‌లో న్యూ ఆర్లియన్స్ నగరాన్ని తిడుతూ ఒక పాట ఉంది. ఆ ఊరివాళ్ళకి కోపం వచ్చింది. తర్వాతి వారం 'హోమర్ ది హెరెటిక్' మొదట్లో బార్ట్ నల్లబల్ల మీద న్యూ ఆర్లియన్స్ పరువు తీయను అని రాస్తూ కనిపిస్తాడు. ఒక ఎపిసోడ్ తయారవడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది, బొమ్మల్లో ఎక్కువ భాగం దక్షిణ కొరియాలో పూర్తవుతుంది. అలాంటిది వారంలో క్షమాపణ ఎలా చెప్పారు? నల్లబల్ల ముక్క ఆరంభ దృశ్యంలోది, కథతో కలవదు, దాన్నొక్కదాన్నే మార్చి పెట్టవచ్చు. డిస్కులో ఈ గొడవ మీద 'ది కేజన్ కాంట్రవర్సీ' అనే చిన్న ప్రత్యేక భాగం ఉంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ దంపతులకీ ఈ సీరియల్‌కీ జరిగిన మాటల యుద్ధం మీద కూడా ఒకటుంది. 1992 జనవరిలో బుష్, అమెరికా కుటుంబాలు వాల్టన్స్ అనే పాత సీరియల్ కుటుంబంలా ఎక్కువగా, సింప్సన్స్‌లా తక్కువగా ఉండాలన్నాడు. రెండు భాగాలూ చిన్నవే, వదలకుండా చూడండి.

'హోమర్ ది హెరెటిక్' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. రాసింది జార్జ్ మేయర్, దర్శకుడు జిమ్ రియర్డన్. చలికాలం ఆదివారం, హోమర్ చర్చికి ఎగనామం పెట్టి ఇంట్లో పండగ చేసుకుంటాడు. అతని మూన్ వాఫిల్ చేసే విధానం చూడండి: వాఫిల్ పిండిలో క్యారమెల్ బిళ్ళలు, పొగవాసన ద్రవం కలిపి పోస్తాడు, పెనం మీద అది మాడి నల్లబడుతుంది, దాన్ని తీసి ఒక వెన్న కడ్డీ చుట్టూ చుట్టి అట్లాగే కొరుకుతాడు. ఈ దృశ్యం నడిచేది సెకన్లు మాత్రమే, కానీ ఒక్కో పనికీ కావలసినంత సమయం ఇచ్చారు. ఇంకా తొందరపెడితే నవ్వు రాదు, ఇంకా సాగదీస్తే వెగటు పుడుతుంది. కలలో కనిపించే దేవుడి చేతుల మీద కూడా కన్నేయండి. ఊరందరికీ నాలుగేసి వేళ్ళు, ఆయనకి అయిదు.

మనవాళ్ళకి ఈ ఎపిసోడ్‌లో ఇంకో సంగతి ఉంది. హోమర్ అపు అనే భారతీయుడి దుకాణానికి వెళ్ళి అక్కడున్న వినాయకుడి విగ్రహానికి వేరుశనగ గింజ ఇవ్వబోతాడు. మా దేవుడికి పల్లీలు పెట్టకండి అని అపు అడ్డుపడతాడు. చివర్లో పాస్టర్ లవ్‌జాయ్ క్రైస్తవులు, యూదులు, ఇంకా ఇతరత్రా అంటూ అపు వైపు చూస్తే, హిందువులం, డెబ్బై కోట్లమందిమి ఉన్నాం అని అపు జవాబిస్తాడు. ఇక్కడ రచయితల వేటు పడేది పాస్టర్ అజ్ఞానం మీదే, ఆ చివరి వాక్యం అపుని నిలబెట్టేదే. కానీ ఆ గొంతు హ్యాంక్ అజారియాది. భారతీయుడు కాని నటుడు అరువు తెచ్చుకున్న యాసలో పలికిన గొంతు అది. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన హాస్య కళాకారుడు హరి కొండబోలు 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు. బడిలో, వీధిలో ఆ యాసతో వెక్కిరింపులు పడ్డ పిల్లల మాట అందులో ఉంది. 2020లో అజారియా ఇక అపు పాత్ర చెప్పనన్నాడు. ఈ సీజన్ చూసేటప్పుడు రెండూ మనసులో పెట్టుకోవాలి: వాక్యం ఎంత బాగా రాశారో, ఆ గొంతు ఎవరిని గాయపరిచిందో. ఒకదానికోసం ఇంకోదాన్ని మరచిపోనక్కర్లేదు. ఆ డాక్యుమెంటరీ కూడా చూడండి.

అపు ఇంకోచోట మెరుస్తాడు. 'మార్జ్ ఇన్ చెయిన్స్'లో కోర్టు బోనులో నిలబడి గణితంలోని పై (π) విలువను నలభై వేల దశాంశ స్థానాల దాకా చెప్పగలనంటాడు, చివరి అంకె ఒకటి అంటాడు. నిజంగానే ఒకటి. అందుకోసం రచయితలు నాసాలో పనిచేసే గణిత శాస్త్రవేత్త డేవిడ్ బెయిలీని అడిగి నలభై వేల అంకెల ప్రింటవుట్ తెప్పించుకున్నారు. ఎవరూ సరిచూడని ఒక్క అంకెకి అంత కష్టపడ్డారు. ఈ సీజన్‌ను గౌరవించడానికి నాకు ఇదొక్కటి చాలు.

ఇప్పుడు ఫ్రేము ఫ్రేముగా చూడాల్సిన చోటు. 'ఐ లవ్ లీసా'లో రాల్ఫ్ అనే పిల్లవాడిని లీసా టీవీ కెమెరాల ముందే కాదు పొమ్మంటుంది. తర్వాత బార్ట్ ఆ టేపు పెట్టి, నెమ్మదిగా ముందుకూ వెనక్కీ జరుపుతూ, వాడి గుండె ముక్కలైన క్షణం సరిగ్గా ఎక్కడుందో లీసాకి చూపిస్తాడు. మీరూ అదే చేయండి. 'ఈ' మీట నొక్కుతూ వెళ్ళండి. రాల్ఫ్ ముఖంలో కళ్ళు, నోరు తప్ప మారేది దాదాపు ఏమీ లేదు. నాలుగు గీతల ముఖంలో అంత బాధ పలికించారు. దర్శకుడు వెస్ ఆర్చర్.

'మార్జ్ వర్సెస్ ది మోనోరైల్' గురించి అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. రాసింది కోనన్ ఓబ్రయన్, దర్శకుడు రిచ్ మూర్, ప్రసారమైంది 1993 జనవరి 14న. అణు వ్యర్థాలు పారబోసినందుకు అణు విద్యుత్ కేంద్రం యజమాని, హోమర్ యజమాని బర్న్స్ కట్టిన ముప్ఫై లక్షల డాలర్ల జరిమానాతో ఊరు ఏం చేయాలన్నది కథ. మార్జ్ రోడ్డు బాగుచేయమంటుంది, ఒక మాయగాడు పాట పాడి రైలు అమ్మేస్తాడు. ఆ మాయగాడికి గొంతు ఇచ్చింది ఫిల్ హార్ట్‌మన్. కామెంటరీలో ఓబ్రయన్ కూడా ఉన్నాడు. మొదట మామూలుగా చూసి, వెంటనే 'బీ' నొక్కి కామెంటరీతో చూడండి. ఈ పెట్టెలో అన్నిటికంటే విలువైన గంట అదే అని నా అభిప్రాయం.

కథ కట్టుబాటు విషయంలో మాత్రం 'లాస్ట్ ఎగ్జిట్ టు స్ప్రింగ్‌ఫీల్డ్'ని నేను మోనోరైల్ కంటే పైన పెడతాను. రాసింది జే కోగెన్, వాలెస్ వొలొడార్స్కీ, దర్శకుడు మార్క్ కర్క్‌లాండ్. కార్మికులకి పళ్ళ వైద్యం సౌకర్యం తీసేస్తానంటాడు బర్న్స్, బదులుగా ఒక పీపా బీరు ఇస్తానంటాడు. అందరూ బీరు కోసం వరస కడతారు. హోమర్ బుర్రలో రెండు గొంతులు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి: పళ్ళ ప్లాను అని ఒకటి, లీసాకి పళ్ళ కమ్మీలు కావాలి అని ఇంకొకటి. వాటిని కలపడానికి అతనికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ మనని కూర్చోబెడతారు. వీడియో గేమ్‌లో బ్లాకులు కలిసినట్టు ఆ రెండు మాటలూ కలిసే క్షణమే కథ మలుపు, జోకు ముగింపు, సమ్మెకి మొదలు. మూడు పనులు ఒకే కట్‌లో.

(వెనక వరస నుంచి ప్రశ్న: మూడో డిస్క్ మధ్యలో ఆగిపోతోంది, మొదటి ఎపిసోడ్లు బాగానే ఆడుతున్నాయి, ఎందుకు?)

మంచి ప్రశ్న. ఇవి రెండు పొరల డిస్కులు. మొదటి పొరను లేజరు మధ్యలో రంధ్రం దగ్గర మొదలుపెట్టి అంచు దాకా చదువుతుంది, అక్కడ రెండో పొరకి మారి అంచు నుంచి లోపలికి వస్తుంది. అంటే డిస్క్ నడి భాగంలోని ఎపిసోడ్లు అంచు దగ్గర ఉంటాయి, మన వేళ్ళు పడేదీ అక్కడే. ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలితే అది పొర మారడం, లోపం కాదు. గట్టిగా ఆగిపోతే అంచు తుడవండి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో, మధ్య నుంచి అంచుకి నిటారుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. సమాచారం గుండ్రంగా రాసి ఉంటుంది. అడ్డంగా పడ్డ చిన్న గీతను ప్లేయర్ సరిచేసుకోగలదు, సమాచారం వెంబడే పొడుగ్గా పడ్డ గీతను సరిచేసుకోలేదు. జిడ్డు పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా. టూత్‌పేస్టు పెట్టి రుద్దవద్దు. పాత పెట్టె కొనేటప్పుడు డిస్కును దీపానికి అడ్డంగా పట్టి అంచూ, మధ్య రంధ్రం చుట్టూ పగుళ్ళూ చూసుకోండి.

మిగతా వాటిలో 'మిస్టర్ ప్లో' తప్పకుండా చూడాలి, ఆ ఎపిసోడ్‌కే హోమర్ గొంతు డాన్ కాస్టెల్లనెటాకి గాత్రానికి ఎమ్మీ అనే టీవీ పురస్కారం వచ్చింది. 'లీసాస్ ఫస్ట్ వర్డ్' చివర్లో మ్యాగీ పలికే ఒక్క మాట ఎలిజబెత్ టేలర్‌ది. ఏప్రిల్ 1న వచ్చిన క్లిప్పుల ఎపిసోడ్ మాత్రం పాత ముక్కల కూర్పు, తర్వాత చూసినా నష్టం లేదు.

ఒక మాట మర్చిపోకండి. ఈ బృందం పని ఈ పెట్టెతో అయిపోలేదు. తయారైన వరస వేరు, ప్రసారమైన వరస వేరు. జీన్, రీస్ వెళ్ళిపోయే ముందు ఈ బృందం చివరగా పూర్తిచేసిన 'కేప్ ఫియర్' 1993 అక్టోబరు 7న అయిదో సీజన్‌లో ప్రసారమైంది, కాబట్టి అది అయిదో సీజన్ పెట్టెలో మొదటి డిస్కులో ఉంటుంది. అందులోనూ నిడివి చాలలేదు. బార్ట్ మీద పగబట్టిన సైడ్‌షో బాబ్, ఆకులు లాగే పళ్ళకర్ర (రేక్) మీద కాలు వేస్తాడు, కర్ర లేచి ముఖానికి కొడుతుంది. ఖాళీ నింపడానికి దాన్నే మళ్ళీ మళ్ళీ వాడారు, మొత్తం తొమ్మిదిసార్లు. లెక్కపెడుతూ చూడండి. మూడో దెబ్బకి నవ్వు తగ్గుతుంది, అయిదో దెబ్బకి విసుగొస్తుంది, ఏడో దెబ్బ నుంచి మళ్ళీ నవ్వు మొదలవుతుంది. నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్ 'క్రస్టీ గెట్స్ క్యాన్సెల్డ్' అయిన వెంటనే ఆ పెట్టె తెరిచి దీన్ని పెట్టండి.